దొడ్డి గోడకు పెట్టని ఖర్చు

పులుల లెక్కలు వెలువడిన రోజున పత్రికలన్నింటిలో ఒకే వార్త. సంఖ్య పెరిగింది, గర్వించాలి. నేనూ గర్వపడతాను. 2006లో భారతదేశంలో మిగిలినవి 1,411 పులులేనన్న అంచనా చదివినప్పుడు ఈ జంతువు మన కళ్ల ముందే కనుమరుగైపోతుందని భయమేసింది. 2022 లెక్కల్లో సగటు అంచనా 3,682. నేపాల్‌లో 2009లో 121 ఉన్న పులులు 2022 నాటికి 355 అయ్యాయి. గిర్ సింహాలు 2020లో 674, 2025లో 891. ఆ 891లో సగానికి పైగా రక్షిత ప్రాంతాల బయటే, పొలాల మధ్య, పశువులు మేసే బీళ్లలో, ఊళ్ల పక్కన తిరుగుతున్నాయి.

సంబరం ఒక చోట, జంతువు ఇంకో చోట. పులి ఉండాలని మనసారా కోరుకునేవాళ్లలో చాలామందికి అర్ధరాత్రి దొడ్డి దగ్గర అలికిడైతే లాంతరు పట్టుకుని లేవాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. లేవాల్సిన మనిషికి ఉన్నవి నాలుగు మేకలో, రెండు పాడి ఆవులో. పిల్లల ఫీజు అందులోంచే, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చూ అందులోంచే. చూడి ఆవు పోయిందంటే దాని పాలూ, పుట్టబోయే దూడా, రాబోయే రెండేళ్ల ఆదాయమూ దాంతోపాటే పోతాయి. ఆ ఇంటి ఆడమనిషి ఆ రోజు ఎంత లెక్క వేసుకుంటుందో ఏ గణాంకంలోనూ రాదు.

పెద్ద మాంసాహారుల్ని బతికించుకోవాలన్నది దేశాలు, ప్రభుత్వాలు, కోర్టులు కలిసి తీసుకున్న నిర్ణయం. మంచి నిర్ణయం. దాని ఖర్చు మాత్రం అడవి అంచున ఉన్న కొన్ని వేల కుటుంబాల మీద పడింది. పైగా ఆ ఖర్చును పంచుకోవడానికి మనం చేస్తున్నదంతా దాడి జరిగిపోయాక చేస్తున్నాం. బోను, మత్తు తుపాకీ, పంచనామా, పరిహారం, అన్నీ మర్నాడు వచ్చేవే. ముందు రోజు సాయంత్రం దొడ్డి తలుపు ఎలా ఉంది, మంద వెంట ఎవరున్నారు అన్నదాని మీద పెట్టేది బహుతక్కువ. ఈ వరుస మారాలని, డబ్బూ మనుషులూ ముందు రోజు సాయంత్రానికి చేరాలని నా వాదన.

ముందు బోను సంగతి చూద్దాం.

ఊరి పక్కన చిరుత కనిపిస్తే జనం మొదట అడిగేది బోను పెట్టమని. భయపడ్డ మనిషి ఇంకేం అడుగుతాడు? అధికారులకూ అది కలిసొచ్చే పని. చిరుత బోనులో పడుతుంది, ఫొటో వస్తుంది, ఊరు సద్దుమణుగుతుంది. లారీ ఎక్కించి ఎక్కడో అడవిలో వదిలేస్తారు. ఆ తర్వాత ఏమైందని అడిగేవాళ్లు ఉండరు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో విద్యా ఆత్రేయ, ఆమెతో పనిచేసిన పరిశోధకులు ఆ ప్రశ్న అడిగారు. అది చెరకు పండే నేల. చిరుతలు ఆ తోటల్లోనే పిల్లల్ని పెట్టి పెంచుతాయి. 1993 నుంచి 2001 దాకా అక్కడ మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4. తర్వాత చిరుతల్ని పట్టి పదుల కిలోమీటర్ల అవతలి అడవుల్లో వదలడం పెద్ద ఎత్తున మొదలైంది. 2001-2003 మధ్య ఆ సగటు 17కు పెరిగింది. దాడులు ఆపడానికి మొదలుపెట్టిన పని జరుగుతున్న కాలంలోనే దాడులు నాలుగింతలయ్యాయి.

ఎందుకిలా జరుగుతుందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి చిరుతకూ తన ఇలాకా ఉంటుంది. ఏ గట్టు వెంట పోతే నీడ ఉంటుందో, ఏ ఇంటి కుక్క ఆరుబయట పడుకుంటుందో, మనుషులు ఏ వేళకు పొలానికొచ్చి ఏ వేళకు వెళ్తారో దానికి తెలుసు. ఆ తెలివిడి వల్లే మన మధ్యే ఉంటూ మన కంటపడకుండా బతుకుతుంది. అలాంటిదాన్ని పట్టి, రోజుల తరబడి బోనులో ఉంచి, అది ఇనుపచువ్వలు కొరికి కోరలు విరగ్గొట్టుకున్నాక, ఒక్క చెట్టూ గుర్తులేని చోట వదిలితే ఏం చేస్తుంది? ఆకలితో, బెదురుతో, తన చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది.

2009లో బావిలో పడ్డ ఒక ముసలి మగ చిరుతను బయటికి తీసి, మెడకు జీపీఎస్ కాలర్ కట్టి మాల్షేజ్ ఘాట్ అడవుల్లో వదిలారు. పరిశోధకులు దానికి ఆజోబా అని పేరు పెట్టారు. అది అక్కడ ఉండలేదు. హైవే దాటింది, రైలు పట్టాలు దాటింది, ఊళ్ల పక్క నుంచి నడిచింది. సుమారు 120 కిలోమీటర్లు పోయి ముంబై అంచున ఉన్న సంజయ్ గాంధీ జాతీయ పార్కు చేరింది. దారిలో ఏ మనిషి జోలికీ పోలేదు. రెండేళ్ల తర్వాత హైవే మీద వాహనం గుద్ది చనిపోయింది. ఆ నడక మ్యాపు మీద చూస్తే మనం గీసుకున్న అడవి సరిహద్దుకు ఆ జంతువు లెక్కలో ఏ విలువా లేదని తెలుస్తుంది.

ఇక ఖాళీ అయిన ఇలాకా ఖాళీగా ఉండిపోదు. పాతది పోయిందని తెలియగానే పక్క నుంచి వయసు మగవి దిగుతాయి. వాటికి ఆ ఊరి పద్ధతి తెలియదు, వేట ఇంకా పూర్తిగా చేతికి రాలేదు, కట్టేసిన దూడ సులువుగా కనిపిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూమాల మీద, అంటే అక్కడి పెద్ద అడవి పిల్లుల మీద, 2013లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఒక ఏడాది ఎక్కువ ప్యూమాల్ని చంపిన చోట మరుసటి ఏడాది ఫిర్యాదులూ పశునష్టమూ తగ్గకపోగా పెరిగాయి. ఖండం వేరు, జంతువు వేరు, జరిగింది మాత్రం అదే.

జున్నర్‌కు దగ్గర్లోని అకోలె ప్రాంతంలో చదరపు కిలోమీటరుకు 300 మందికి పైగా మనుషులున్నారు. ఆ పొలాల్లోనే వంద చదరపు కిలోమీటర్లకు దాదాపు ఐదు పెద్ద చిరుతలున్నట్టు కెమెరా ట్రాపులు, అంటే జంతువు కదిలితే దానంతట అదే ఫొటో తీసే కెమెరాలు, చూపించాయి. అవి తిన్నదాంట్లో బరువు లెక్కన 39 శాతం ఊరకుక్కలు. అధ్యయనం జరిగిన కాలంలో అక్కడ చిరుత వల్ల ఒక్క మనిషీ చనిపోలేదు. కనిపించిన ప్రతి చిరుతనూ పట్టాలన్న ఒత్తిడి ఎవరు తెచ్చినా ఈ ఒక్క వివరం వాళ్ల ముందు పెట్టాలనిపిస్తుంది నాకు. మనిషి రక్తం మరిగిన జంతువు సంగతి వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

దొడ్డి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చిరుత పడిన దొడ్డిని మర్నాడు పొద్దున ఒకసారి చూశాను. గోడ ఛాతీ ఎత్తు కూడా లేదు, పైన ముళ్లకంప ఒక మూల జారిపోయి ఉంది. ఆ జారిన చోట రాళ్ల మీద గోళ్ల గీతలు. లోపల మెడ కొరికినవి కొన్నే. మిగతావి ఎదురుమూలకు దూసుకుపోయి, తలుపు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక చచ్చాయి. తిన్నది ఒకదాన్ని, అదీ సగం. ఆ ఇంటాయన కోపంగా లేడు. గొర్రెల్ని వరుసగా పడుకోబెడుతూ చెవులకున్న గుర్తుల్ని చూసుకుంటున్నాడు, ఏది ఎవరిదో లెక్క తప్పకూడదని. వాటిలో కొన్ని పక్కింటివాళ్లు మేపమని ఇచ్చినవట.

అన్ని గొర్రెల్ని ఎందుకు చంపుతుందని అందరూ అడుగుతారు. పగ అంటారు, రక్తదాహం అంటారు. బయట బీడులో వేటాడితే ఒక గొర్రె పడగానే మిగతావి చెల్లాచెదరవుతాయి, వేట అక్కడితో ముగుస్తుంది. నాలుగు గోడల మధ్య అవి పోలేవు. కళ్ల ముందు అటూ ఇటూ పరుగులు తీస్తూనే ఉంటాయి. కదిలేదాన్ని పట్టడానికే పుట్టిన జంతువు ఆ కదలిక ఆగేదాకా పడుతూనే ఉంటుంది. అంటే అంత పెద్ద నష్టానికి సగం కారణం దొడ్డి కట్టిన తీరులోనే ఉంది. దూకి లోపలికి రావచ్చు, లోపలున్నవి బయటికి పోలేవు. ఇంతకంటే ప్రమాదమైన కట్టడం ఉండదు.

లడాఖ్‌లో మంచు చిరుతల విషయంలో ఇదే జరిగేది. ఒక్క రాత్రిలో పదుల గొర్రెలు, మేకలు పోయేవి. పొద్దున్నే లోపల చిక్కుకున్న మంచు చిరుతను ఊరివాళ్లు రాళ్లతో, కర్రలతో కొట్టి చంపిన సందర్భాలున్నాయి. రాడ్నీ జాక్సన్ మొదలుపెట్టిన స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ అక్కడ చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. దొడ్డి పైకప్పు ఖాళీని దూలాలు వేసి ఇనుప జాలీతో మూయడం, గోడ ఎత్తు పెంచడం, సందు లేకుండా మూసుకునే తలుపు పెట్టడం. రాయీ శ్రమా ఊరివాళ్లవి, జాలీ, దూలాలూ, తలుపూ సంస్థవి. అలా బాగుచేసిన దొడ్లలో మూకుమ్మడి చావులు ఆగిపోయాయి. 2002 నుంచి ఆ లోయల్లో ఇళ్లలోనే పర్యాటకులకు బస ఇవ్వడం మొదలైంది. ఏ జంతువును చంపాలనుకున్నారో దాన్ని చూడ్డానికి వచ్చే మనుషుల వల్ల ఆడవాళ్ల చేతికి డబ్బు రావడం మొదలైంది. రెండోది అందరికీ నచ్చే కథ. మొదటిది, ఆ జాలీ లేకపోతే రెండోది నిలబడేది కాదని నా నమ్మకం. నిన్న రాత్రి ముప్పై గొర్రెలు పోయిన ఇంట్లో ఎవరూ అతిథిని కూర్చోబెట్టి మంచు చిరుత గొప్పతనం చెప్పరు.

కెన్యాలో నైరోబి జాతీయ పార్కు పక్కన కిటెంగెలాలో రిచర్డ్ తురేరే అనే, పశువులు కాచే మసాయి తెగ పిల్లవాడు తండ్రి పశువుల్ని సింహాల నుంచి కాపాడలేక ముందు మంట పెట్టి చూశాడు. మంట వెలుగులో సింహాలకు కొట్టం ఇంకా బాగా కనిపించింది. దిష్టిబొమ్మ పెట్టాడు. మొదటి రోజు వెనక్కి పోయాయి, రెండోరోజు అది కదలడం లేదని పసిగట్టాయి. ఒక రాత్రి చేతిలో టార్చితో కొట్టం చుట్టూ తిరుగుతుంటే సింహాలు రాలేదు. కదిలే వెలుగంటే వాటికి మనిషి కాపలా ఉన్నట్టు. పాత కారు బ్యాటరీ, చిన్న సోలార్ పలక, మోటార్‌సైకిల్ ఇండికేటర్ పెట్టె, విరిగిన టార్చి బల్బులు కలిపి, ఒకటి ఆరితే ఇంకోటి వెలిగేలా కొట్టం చుట్టూ బిగించాడు. అప్పటికి అతనికి పదకొండేళ్లు. 2013లో టెడ్ వేదిక మీద ఆ కథ చెప్పాక ప్రపంచానికి తెలిసింది. ఆ పిల్లవాడి పద్ధతి నాకు చాలా ఇష్టం. సింహం ఏం చూస్తోంది, దాని ఆధారంగా ఏమనుకుంటోంది అన్నది గమనించాడు. నిపుణులం అనుకునేవాళ్లు చాలామంది చేయని పని అది.

బోట్స్వానాలోని ఒకవాంగో ప్రాంతంలో పరిశోధకులు ఆవుల పిరుదుల మీద రెండు పెద్ద కళ్లు గీశారు. మాటు వేసి దూకే జంతువు తనను ఎర చూసేసిందనుకుంటే దాడి మానుకుంటుంది కదా. నాలుగేళ్ల పాటు 14 మందల్లో జరిగిన ఆ ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కళ్లు గీసిన 683 పశువుల్లో ఒక్కటీ సింహాలకూ చిరుతలకూ బలి కాలేదు. ఇంటూ గుర్తు గీసిన 543లో నాలుగు, ఏమీ గీయని 835లో పదిహేను పోయాయి. సుందర్‌బన్స్‌లో 1980లలో అడవికి వెళ్లేవాళ్లు తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకున్నదీ ఈ లెక్కతోనే. పులి వెనక నుంచి వస్తుంది, వెనక కూడా ముఖం కనిపిస్తే ఆగుతుంది. మొదట్లో బాగా పనిచేసింది, పోనుపోను పులులు ఆ ఎత్తుగడ కనిపెట్టేశాయని చెబుతారు. తోడేళ్లకు తాడు మీద ఎర్ర గుడ్డపీలికలు వేలాడదీయడం యూరప్‌లో పాతకాలపు వేటగాళ్ల పద్ధతి. ఇప్పుడు దాన్నే మందల చుట్టూ కడుతున్నారు. కొన్ని వారాలు తోడేళ్లు ఆ గీత దాటవు. తర్వాత దాటుతాయి.

ఈ ఉపాయాలన్నింటికీ ఆయుష్షు ఉంది. ఒకటి పాతబడేలోగా ఇంకోటి పెట్టాలి, మార్చాలి, కలపాలి. అది చేయడానికి అక్కడే మనిషి ఉండాలి. ఒకసారి లైట్లు పంచి, ఫొటో దిగి, నివేదిక రాసి వెళ్లిపోయే పథకాలు ఎందుకు విఫలమవుతాయో వేరే చెప్పక్కర్లేదు. బల్బు మాడిపోయిన మూడో నెలలో దాన్ని మార్చేవాళ్లెవరు?

కుక్కల విషయం చూడండి. నమీబియాలో చీతా కన్సర్వేషన్ ఫండ్ 1994 నుంచి రైతులకు అనటోలియన్ షెపర్డ్, కంగాల్ జాతి కుక్కపిల్లల్ని ఇస్తోంది. అది పిల్లగా ఉన్నప్పటి నుంచే మేకల మధ్య పెరుగుతుంది, వాటితోనే పడుకుంటుంది, అవే తనవాళ్లనుకుంటుంది. చీతా వస్తే మీదికి ఉరికి కొట్లాడదు. ఎదురుగా నిలబడి గట్టిగా మొరుగుతుంది. చీతా గాయం తట్టుకోలేని జంతువు, గాయపడితే పరుగు పోతుంది, పరుగు పోతే తిండి పోతుంది. అందుకే వెనక్కి తిరుగుతుంది. కుక్కలు వచ్చాక నష్టం బాగా తగ్గిందని అక్కడి రైతులే చెబుతున్నారు. ఇటలీలోని అబ్రుట్సోలో తోడేళ్లు ఎప్పుడూ పూర్తిగా పోలేదు. అక్కడ తెల్లటి పెద్ద కాపలా కుక్కలూ, రాత్రి మందను ఎలా కట్టాలో తెలిసిన కాపరులూ తరతరాలుగా కొనసాగారు. జర్మనీలో తోడేళ్లను తుడిచిపెట్టేశారు. 2000లో పోలండ్ నుంచి వచ్చిన జంట సాక్సనీలో పిల్లల్ని పెట్టింది. ఈలోగా మధ్యలో వందేళ్లకు పైగా గడిచిపోయింది. కుక్కల్ని పెంచే విద్య పోయింది, కాపరులు తగ్గిపోయారు, కంచె అంటే గొర్రెలు బయటికి పోకుండా కట్టేదే తప్ప తోడేలు లోపలికి రాకుండా కట్టేది కాదన్న అలవాటు స్థిరపడిపోయింది. జంతువు తిరిగి వచ్చినంత త్వరగా ఆ విద్య తిరిగి రాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. నష్టపరిహారం ఇవ్వకూడదని ఎవరూ అనరు, నేనూ అనను. అది అందే తీరు చూడండి. ఆవు అడవి అంచున పడిపోయింది. కళేబరాన్ని కదపకూడదు, కదిపితే ఏ జంతువు చంపిందో తేల్చలేమంటారు. అధికారి రావాలి, పశువైద్యుడు రావాలి, మెడ మీద కోరల గుర్తుల మధ్య దూరం కొలవాలి, ఫొటో తీయాలి, ఆ ఫొటోలో మనిషి కూడా కనిపించాలి. వాళ్లొచ్చేలోగా కుక్కలూ రాబందులూ సగం తినేస్తాయి. వాగులో కొట్టుకుపోయినా, పొదల్లోకి లాక్కుపోయినా ఆనవాలే దొరకదు, దరఖాస్తే ఉండదు. కాగితాలు పూర్తయ్యాక ఆఫీసు చుట్టూ తిరిగే రోజులకు కూలి ఎవరూ ఇవ్వరు. అందే మొత్తం కంటే తిరిగిన ఖర్చే ఎక్కువని చాలామంది అసలు అర్జీయే పెట్టరు.

అప్పుడు పురుగుమందు డబ్బా గుర్తొస్తుంది. 2015 డిసెంబర్‌లో కెన్యాలోని మసాయి మారాలో ఎన్నో ఏళ్లుగా టీవీల్లో ప్రపంచం చూసిన మార్ష్ ప్రైడ్ అనే సింహాల గుంపుకు విషం పెట్టారు. పశువులు పోయాయన్న కోపంతో చచ్చిన ఆవు మీద పొలాల్లో వాడే మందు చల్లారు. విషం పెట్టిన కళేబరం మీద సింహంతోపాటు రాబందులు, నక్కలు, హైనాలు కూడా వాలతాయి. ఒక్క ఆవుతో మొత్తం ఆకాశం ఖాళీ అయిపోతుంది. ఆ పని చేసినవాళ్లను నేను సమర్థించను. కానీ అంతకుముందు వాళ్లు ఎన్ని తలుపులు తట్టారో కూడా అడగాలి కదా.

కర్ణాటకలో బందీపూర్, నాగర్‌హొళె చుట్టూ ఉన్న ఊళ్లలో 2015లో కృతి కారంత్ బృందం వైల్డ్‌సేవె అనే సేవ మొదలుపెట్టింది. నష్టం జరిగితే ఒక ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే చాలు. మనిషి ఇంటికే వచ్చి ఫొటోలు తీసి, కాగితాలన్నీ తయారుచేసి, అర్జీ దాఖలు చేస్తాడు. చట్టం కొత్తది కాదు, డబ్బు కొత్తది కాదు, ప్రభుత్వం ఇచ్చేదే. మధ్యలో ఉన్న ముళ్లు తీశారు, అంతే. ఇంత చిన్న పని అన్ని చోట్లా ఎందుకు లేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హిమాచల్‌లోని స్పీతి లోయలో కిబ్బర్ గ్రామం ఇంకో దారి పట్టింది. చారుదత్త మిశ్రా తదితరుల సాయంతో 2002లో ఊరివాళ్లే పశువుల బీమా నిధి పెట్టుకున్నారు. పశువు ఉన్నవాళ్లు ప్రీమియం కడతారు, నష్టమొస్తే ఊరి కమిటీయే చూసి డబ్బు ఇస్తుంది. జబ్బుతో చచ్చిన పశువును మంచు చిరుత ఖాతాలో రాయాలని ఎవరికైనా బుద్ధి పుడితే పక్కింటివాడే ఒప్పుకోడు, అది అతని డబ్బు కూడా. ప్రభుత్వ అధికారి ఎన్ని పంచనామాలు రాసినా రాని నిజాయితీ అక్కడ దానంతట అదే వచ్చింది.

స్వీడన్ పద్ధతి వీటన్నిటికంటే ధైర్యమైనదని నా అభిప్రాయం. అక్కడి సామి తెగవాళ్లు రెయిన్‌డీర్ మందలు కాస్తారు. వుల్వరిన్ అనే మాంసాహారి వాటిని చంపుతుంది. చచ్చిన ప్రతి రెయిన్‌డీర్‌ను మంచులో వెతికి రుజువు చేయడం కుదిరే పని కాదు. అందుకని 1996 నుంచి ప్రభుత్వం లెక్క మార్చింది. వాళ్ల మేత భూముల్లో ఎన్ని వుల్వరిన్‌లు పిల్లల్ని పెట్టాయో అన్నదాన్ని బట్టి సామి సంఘాలకు డబ్బు ఇస్తుంది. ఆ పిల్లలు పెరిగి చేయబోయే నష్టాన్ని ముందే అంచనా కట్టి ఇచ్చే సొమ్ము అది. ఒక్కసారి ఆలోచించండి. గుహలో తల్లీ పిల్లలూ క్షేమంగా ఉన్నంతకాలం కాపరికి ఆదాయం. మందను జాగ్రత్తగా కాచుకుంటే నష్టం తగ్గి, వచ్చిన సొమ్ములో మిగిలేదంతా లాభం. పోయినదానికి ఇచ్చే పరిహారంలో ఈ రెండూ లేవు. అందులో మంద కాచినవాడికీ కాయనివాడికీ తేడా లేదు, అడవిలో పులి బతికినా చచ్చినా కాపరి చేతికొచ్చేదేమీ లేదు. వుల్వరిన్‌లు అక్కడ తిరిగి పెరిగాయి. ప్రతి దేశమూ ఇదే చేయగలదని అనను, లెక్కపెట్టే యంత్రాంగం ఉండాలి, నమ్మకం ఉండాలి. కానీ చెల్లింపు ముందుకు జరపడం సాధ్యమేనని అది చూపించింది.

మనుషులు చనిపోయినప్పుడు ఈ మాటలేవీ సరిపోవు. మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో టీ1 అనే ఆడపులి రెండేళ్లలో 13 మందిని చంపిందన్నారు. చిన్నపిల్లలున్న తల్లి. పట్టుకోవాలా, కాల్చాలా అన్నది కోర్టుల దాకా వెళ్లింది, దూరాన ఉన్న నగరాల్లో దాన్ని బతికించమని ప్రదర్శనలు జరిగాయి. ఆ నెలల్లో అక్కడి ఊళ్లలో పత్తి తీయడానికి ఒంటరిగా వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. 2018 నవంబర్‌లో రాత్రిపూట దాన్ని కాల్చి చంపారు, ఆ తీరు మీదా వివాదం నడిచింది. పులుల్ని ప్రేమించేవాళ్లలో నేనొకణ్ణి. అయినా చెబుతున్నాను, ఒక జంతువు వరుసగా మనుషుల్ని వెతికి చంపుతోందని గుర్తులతో, కెమెరాలతో, డీఎన్ఏతో తేలితే దాన్ని త్వరగా తొలగించాలి. వన్యప్రాణి చట్టంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఆ అధికారం ఉన్నది అందుకే. ఆలస్యమైన ప్రతి వారం ఇంకో కుటుంబం మీద పడుతుంది. తర్వాత ఏ తప్పూ చేయని పులుల మీద కూడా పడుతుంది, ఎందుకంటే అప్పటికి ఊరంతటికీ ప్రతి పులీ హంతకే.

సుందర్‌బన్స్‌లో తేనెకు, పీతలకు అడవిలోకి వెళ్లి పులి నోట పడ్డవాళ్ల భార్యల కథ ఇంకా కఠినం. భర్త అనుమతి లేకుండా నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్లాడన్న కారణంతో ఏళ్ల తరబడి వాళ్లకు పరిహారం ఇవ్వలేదు. కలకత్తా హైకోర్టు 2023లో ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. చనిపోయిన మనిషి ఎక్కడ నిలబడి చనిపోయాడన్నది ఆ పిల్లల ఆకలికి సంబంధం లేని ప్రశ్న.

ఇక్కడే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "వాటి ఇంట్లోకి మనమే వెళ్లాం, అనుభవించాల్సిందే." ఈ మాటలో కొంత నిజముంది. గనులు, రోడ్లు, ఆనకట్టలు అడవిని ముక్కలు చేశాయి. ఆ పని చేసింది మేకలు కాచే మనిషి కాదు. ఆ గనిలోంచి వచ్చిన కరెంటు వాడుకుంటూ, ఆ రోడ్డు మీద పోతూ, అడవి అంచున మూడు తరాలుగా ఉన్న కుటుంబాన్ని ఆక్రమణదారులనడం అన్యాయం. గిర్‌లో మాల్ధారీలనే పశువుల కాపరులు సింహాల మధ్యే ముళ్లకంచెలు కట్టుకున్న నెస్సుల్లో, అంటే తమ చిన్న పల్లెల్లో, బతుకుతూ వచ్చారు. అకోలెలో చిరుత వచ్చింది చెరకులోకి, మనిషి చిరుత ఇంట్లోకి పోలేదు.

అవతలి వైపు నుంచి వచ్చే "అన్నింటినీ కంచె లోపల పెట్టేయండి" అన్న మాటకు ఆజోబా నడకే సమాధానం.

చివరికి నేను అడిగేది మనిషి గురించి. ఒకప్పుడు మంద వెంట ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. పిల్లలు బడికి పోతున్నారు, పోవాలి కూడా. యువకులు పట్నం పోయారు. నూరు జీవాల వెంట ఒక ముసలాయన, కళ్లు సరిగా ఆనవు, సాయంత్రం లెక్కలో రెండు తగ్గితే వెతకడానికి కాళ్లు రావు. దారి తప్పి రాత్రి బయట ఉండిపోయిన పశువే ఎక్కువగా పోతుంది. కెన్యాలోని అంబోసెలిలో 2007లో లీలా హజ్జా, ఆమె సహచరులు మొదలుపెట్టిన లయన్ గార్డియన్స్ దీన్ని సరిగ్గా పట్టుకుంది. సింహాన్ని చంపితేనే వీరుడని పేరొచ్చే మసాయి యువకుల్నే నెలజీతానికి పెట్టుకుంది. వాళ్లు సింహాల అడుగుజాడలు పడతారు, ప్రతి సింహానికీ మసాయి పేరు పెడతారు, ఈ రోజు అటువైపు మందను తోలవద్దని కాపరులకు కబురు పంపుతారు. తప్పిపోయిన పశువుల్ని చీకటి పడేలోగా వెతికి తెస్తారు, కూలిన ముళ్లకంచె మళ్లీ కడతారు. ఆ ప్రాంతంలో సింహాల వేట బాగా తగ్గిపోయింది.

ఇలాంటి ఉద్యోగం ప్రతి అడవి అంచు ఊరికీ కనీసం ఇద్దరికి ఇవ్వాలి. తాత్కాలిక కూలీలుగా, సీజన్ అయిపోగానే తీసేసేలా వద్దు. నెలజీతం, బీమా, ఫోను, టార్చి, బూట్లు ఇచ్చి పెట్టుకోవాలి. మంద వెంట నడిచేవాళ్లు, రాత్రి దొడ్లు చూసి జారిన కంప సరిచేసేవాళ్లు, మాడిన బల్బు మార్చేవాళ్లు, నష్టం జరిగితే అక్కడికక్కడే ఫొటో తీసి అర్జీ పంపేవాళ్లు వీళ్లే కావాలి. అటవీ శాఖల వార్షిక ప్రణాళికల్లో ఏ ఊళ్లో ఎన్ని దొడ్లకు జాలీ వేశారు, ఏ కాపరికి ఎంత జీతం అందింది అన్న రెండు వరుసలు బోన్లు, వాహనాల పద్దు కంటే ముందు రావాలి. ఎవరైనా ఆ పట్టిక చూపించమని సమాచార హక్కు కింద అడగొచ్చు. నేను అడగడం మొదలుపెట్టాను.